వెలగని దీపం సాక్ష్యమేనా?

కారు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగితే ఎక్కడో లోపముందని అర్థం. అందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ దీపం వెలగనప్పుడే. వెలగలేదు కనుక లోపం లేదనవచ్చా?

ఇది మెకానిక్కుల కంటే ముందు మీమాంసకులు వేసుకున్న ప్రశ్న. తెనాలిలో సంస్కృతం చెప్పే రోజుల్లో ‘వేదాంత పరిభాష’లోని అనుపలబ్ధి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఆవలించేవారు. నేల మీద కుండ లేదని ఎలా తెలిసింది? కనిపించలేదు కనుక. మీమాంసకుల్లో కుమారిలభట్టు దారిని నడిచే భాట్టులూ, అద్వైతులూ దీన్ని వేరే ప్రమాణంగా లెక్కగట్టారు. అక్కర్లేదు, ప్రత్యక్షం చాలన్నారు నైయాయికులు. తగవు మాట ఎలా ఉన్నా షరతు ఒకటే: కుండే గనక ఉంటే కనిపించి తీరే పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కనిపించకపోతే కుండ లేదనడానికి వీల్లేదు. యోగ్యానుపలబ్ధి అంటే ఇదే.

పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు రిటైరయ్యాక, టెక్సాస్‌లోని ప్లేనోలో మా అబ్బాయి 2005 కరోలాలో దొరికింది. దీపం వెలిగింది. కోడ్ పి0420. పొగలోని విషవాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని దాని తాత్పర్యం. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి సెన్సార్లుంటాయి. వెనకదాని రీడింగు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఊగిసలాడితే కంప్యూటర్ కన్వర్టర్ మీద నేరం మోపుతుంది. కానీ గొట్టం అతుకు దగ్గర గాలి చొరబడినా ఆనవాళ్లు అవే!

2025 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గానీ, కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. మావాళ్లుండే కాలిన్ కౌంటీ అందులో ఒకటి. దీపం వెలుగుతుంటే పాస్ చేయరు. మావాడి స్నేహితుడొకడు చిన్న స్కానర్ తెచ్చి కోడ్ చెరిపేశాడు. దీపం ఆరిపోయింది. వాళ్లిద్దరూ సంతోషించారు.

పరీక్ష దగ్గర కేబుల్ తగిలించిన కుర్రాడు పాస్ అనలేదు, ఫెయిల్ అనలేదు. ‘ఇంకా రెడీ కాలేదు’ అని పంపేశాడు. కోడ్‌తో పాటు, కంప్యూటర్ ఒక్కో భాగాన్నీ పరీక్షించి దాచుకున్న ఫలితాలన్నీ చెరిగిపోతాయి. ఆ పరీక్షలను మానిటర్లంటారు. 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ పూర్తికాకుండా మిగిలినా ఒప్పుకుంటారు, అంతకు మించితే వెనక్కే. దీపం ఆరింది నిజమే, కానీ చూడవలసిన కన్ను అప్పటికింకా తెరుచుకోలేదు. ఆ కుర్రాడికి కుమారిలభట్టు పేరు తెలిసి ఉండదు గానీ, శాస్త్రం మాత్రం తప్పలేదు. కొన్నాళ్లు నడిపాక దీపం మళ్లీ వెలిగింది. కన్వర్టర్ బాగానే ఉంది, దాని ముందున్న గాస్కెట్ పోయింది.

దేవుడు కనిపించడు కనుక లేడన్న చార్వాకుడికి నైయాయికుడైన ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో చెప్పిన జవాబూ ఈ దారిదే. కనిపించనిదల్లా లేనట్టే అయితే, చార్వాకుడు గడప దాటగానే పెళ్ళాం పిల్లలు లేకుండా పోయారని గుండెలు బాదుకోవాలట! ఎన్నిసార్లు చెప్పినా నాకు నవ్వు ఆగేది కాదు. అయితే ఆ వాదం చార్వాకుడి నోరు కట్టిందే తప్ప దేవుణ్ణి గెలిపించలేదు. రెడీ కాలేదనడం పాసయినట్టు కాదు. అందుకే కదా ఉదయనుడు లోకం కార్యం కనుక కర్త ఉండాలి లాంటి వేరే హేతువులు వెతుక్కున్నది.

చూసేవాడికి యోగ్యత కావాలని మన గురువులూ అంటారు: వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం. సబబే. నాకు మింగుడుపడనిది తర్వాతి మాట. అన్నీ చేశాను, ఆత్మానుభవం కాలేదు అంటే ‘నీకింకా యోగ్యత రాలేదు’ అంటారు. కాకపోవడమే యోగ్యత లేదనడానికి గుర్తయితే, ఆ పరీక్షలో ‘లేదు’ అనే జవాబు ఎన్నటికీ రాదు. కారు అలా తప్పించుకోదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్, హైవే మీద నిలకడైన వేగం, ట్యాంకులో మరీ నిండుగానూ మరీ అడుగునా లేని పెట్రోలు... ఏమేం కావాలో ముందే రాసి ఉంటుంది. అవి తీరాక ఏ ఫలితం వచ్చినా దానికి కట్టుబడుతుంది.

తెనాలి వచ్చాక వేదాంత గోష్ఠిలో ఈ మాటే అన్నాను. ‘‘సాధనకు గడువు పెట్టమంటారా మాస్టారూ?’’ అని ఒక పెద్దాయన కోప్పడ్డారు. గడువు కాదండీ, ఏం జరిగితే లేదని ఒప్పుకుంటారో అది ముందే చెప్పమంటున్నాను అన్నాను. ఆయన ఇంకా చెప్పలేదు.