సొంత స్ట్రైకరు

ఆట అంతంతమాత్రంగా వచ్చినవాడికి సొంత సామాను ఎందుకు? ఈ మధ్య నాకు ఎదురైన ప్రశ్న ఇది. నేను క్యారమ్స్ ఆడతాను. ఆడటమంటే వారానికి రెండు సాయంత్రాలు, తిరుపతి కొర్లగుంటలో ఒక రేకుల షెడ్డు కింద, రిటైరైన ముగ్గురు పెద్దవాళ్లతో కాలక్షేపం. నలుగురికీ ఒకటే స్ట్రైకరు. బోర్డుతోపాటు వచ్చింది, అంచు ఒకచోట చిట్లింది. మొన్న గాంధీ రోడ్డులో రెండొందల యాభై పెట్టి ఒకటి కొనుక్కొచ్చాను. చూసి మా జోడీ పెద్దాయన, "ఏమప్పా, టోర్నమెంటుకు పోతావుండావా?" అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆ నవ్వు వెనక ఒక నమ్మకం ఉంది. సొంత సామాను నైపుణ్యంతో సంపాదించుకోవాల్సిన హక్కు అని. చెన్నై మరియా ఇరుదయం క్యారమ్స్‌లో అర్జున అవార్డు అందుకున్నవారు. హైదరాబాద్ ఎస్. అపూర్వ ప్రపంచ విజేత. వాళ్ల జేబులో స్ట్రైకరు ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఎస్వీ సంగీత కళాశాలలో చేరిన పిల్లకు వీణ కొనిపెట్టినా అనరు, రేపు పైకొస్తుందని. నేను పైకొచ్చేది లేదు. పైకిరాని పని మీద పెట్టే డబ్బును మన ఇళ్లల్లో దండగ అంటారు.

వస్తువు సంగతి కాస్త చూద్దాం. నిబంధనల ప్రకారం స్ట్రైకరు బరువు 15 గ్రాములు దాటకూడదు, వ్యాసం 4.13 సెంటీమీటర్లు మించకూడదు. కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు. ఈ హద్దుల లోపలే బరువులో, అంచు నునుపులో ఒకదానికీ ఒకదానికీ తేడా ఉంటుంది. వేలు అలవాటుపడేది ఆ తేడాకే. అమెరికాలో బౌలింగ్ ఆడేవాళ్లదీ ఇదే తంటా. అక్కడి హాళ్లలో ఉండే బంతుల రంధ్రాలు అందరికోసం చేసినవి, అంటే ఎవరి చేతికీ సరిగ్గా కుదరనివి. సొంత బంతి కొంటే మన వేళ్లు కొలిచి రంధ్రాలు వేస్తారు. నెలకోసారి ఆడేవాడికి అదెందుకని అక్కడా అడుగుతారు.

వేదాంతంలో 'అధికారి' అనే మాట ఉంది. చదువుకు అర్హత ఉన్నవాడని అర్థం. ఆ అర్హతలు నాలుగు: వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం. చివరిది కోరికే, మోక్షం కావాలనే తపన. అంత పెద్ద విషయంలోనే తపనను అర్హతల్లో లెక్కవేశారు. క్యారంబోర్డు దగ్గర ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం ఏం న్యాయం? అయితే అదే జాబితాలో వైరాగ్యమూ ఉంది. దాన్ని దాటేసి నాకు నచ్చిన ముక్క ఒక్కటే ఏరుకుంటే కుదరదు.

సొంతదానితో ఒక మేలు జరిగింది. ఆడలేక మద్దెల ఓడు అనడానికి నాకిప్పుడు మద్దెల లేదు. రెడ్ వేసి ఫాలో తప్పితే అది నా వేలి తప్పే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. చిట్లిన స్ట్రైకరు నలుగురి చేతుల్లో తిరిగినన్నాళ్లూ నలుగురికీ ఒకే కష్టం. ఎవరు గెలిచినా ఆ చిట్లిన అంచుతోనే గెలిచారు. నేను నాది బయటికి తీయగానే ఆ సమానత్వం పోయింది. పందెం లేని ఆటలో కూడా ఇది చిన్న విషయం కాదు. మేం కూర్చునేది గెలవడానికి కాదు కదా. ఒకాయనకు చెయ్యి వణుకుతుంది, గురి ఎలాగూ కుదరదు. ఆయన్ని అక్కడికి రప్పించేది, ఆ నలుగురిలో తానూ ఒకడు అన్న మాటే.

కాబట్టి కొనడంలో తప్పు లేదనే అంటాను. ఇష్టపడటానికి ప్రావీణ్యం పూచీ పెట్టక్కర్లేదు. 'నాది' అనుకోవడమూ తప్పు కాదు. నాది గనక నువ్వు ముట్టుకోవద్దు అనే దగ్గర తేడా మొదలవుతుంది. ఇప్పుడు నా స్ట్రైకరు బోర్డు మధ్యలోనే ఉంటోంది, కావలసినవాళ్లు తీసుకుంటారు. దాని అంచు కూడా ఏదో ఒకరోజు చిట్లుతుంది. అలా అనుకున్నప్పుడు ఇప్పటికీ మనసు కాస్త గుంజుతుంది. వైరాగ్యం ఇంకా ఎంత దూరంలో ఉందో అప్పుడు తెలుస్తుంది.