నిద్ర – నిర్ణయము

దీపమార్పిన పిదప మానవుడు చేయవలసినది నిద్రించుట. కాని అనేక గృహములలో కలహములు పెరుగునది ఆ వేళనే. కఠిన నిర్ణయములు జరుగునదియు ఆ వేళనే. అలసిన దేహముతో, చల్లారని కోపముతో పలికిన మాట తెల్లవారిన పిదప వెనుకకు రాదు.

ఒక రైతు కుటుంబమును తలచుకొందము. తండ్రి లింగైక్యమందిన యేడాదికి అన్నదమ్ములిద్దరు ఆస్తి పంపకమునకై వాదులాడిరి. ప్రొద్దుపోయినది. అన్న కాగితము తెచ్చి, బావి తన పాలికే వచ్చునట్లు వ్రాయబూనెను. తమ్ముడు కోపముతో "అట్లే కానిమ్ము, ఇక నీ గడప తొక్కను" అనెను. తల్లి వారిని వారింపలేదు. "రాసుకోండి నాయనా, నేను అడ్డురాను. లింగపూజ అయిన తరువాత రాసుకోండి" అని మాత్రము చెప్పెను.

ఉదయమున ఇద్దరును స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని అర్చించిరి. పిమ్మట కాగితము వ్రాయబడెను. పొలము రెండు పాళ్ళయ్యెను; బావి మాత్రము ఉమ్మడిగా నిలిచెను. దినము విడిచి దినము నీరు పెట్టుకొనుటకు ఇద్దరును సమ్మతించిరి. నిద్ర పంపకమును ఆపలేదు, అన్యాయమును ఆపినది.

ఆ తల్లి మాటకు శాస్త్రబలము కూడ కలదు. 17 గంటలు ఎడతెగక మేల్కొన్నవాని చురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యము చేరినవానితో సమానముగా తగ్గునని 1997లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఉదయము 5 గంటలకు లేచినవానికి రాత్రి 10 గంటలకే ఆ 17 గంటలు నిండును. మద్యమును ముట్టని భక్తుడును నిద్ర కాచి మత్తునికి సమీపించుచున్నాడు! మంచిచెడ్డలను తూచి ఆవేశమును నిగ్రహించు మెదడు భాగము, మనము విభూతి ధరించు నుదుటి వెనుకనే యున్నది. నిద్ర చాలనిచో దాని పని మందగించును. పెద్దలకు దినమునకు కనీసము 7 గంటల నిద్ర వలయునని వైద్యులు చెప్పుదురు.

12వ శతాబ్దమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు కాయకమును బోధించెను. కాయకమను మాట కాయమునుండి పుట్టినది. కాయమును ఎండగట్టినచో కాయకమెట్లు సాగును? కావున తగిన నిద్ర సోమరితనము కాదు. మరునాటి కాయకమునకు మూలధనము.

అయినను నిద్రను సాకుగా చేసికొనరాదు. ఆకలిగొన్న అతిథి రాత్రి వాకిట నిలిచినప్పుడు "రేపు రమ్ము" అనుట వివేకము కాదు, లోభము. చేసిన తప్పు తెలిసిన పిదప క్షమాపణమును తెల్లవారువరకు దాచుటయు తగదు. పెట్టుటకును, కలుపుటకును ఆలస్యము వలదు. తెంచుటకును, విడుచుటకును ఆలస్యమే మేలు. ఈ భేదము నెరిగినవాడే వివేకి.

ఇకమీదట ఏ గృహమున రాత్రి మాట పెరిగినను, ఆ యింటి పెద్దలు దీపమార్పి, "లింగపూజ అయిన పిదప మాటలాడుదము" అందురుగాక! నిద్రచే దేహమును, పూజచే మనస్సును తేరిన పిమ్మట చేసిన నిర్ణయమే సదాచారమునకు తోడగును.

శరణు శరణార్థి.