నిలవని పనికి ఫలమేమిటి?

4,000 మీటర్లకు పైనున్న హేమకుండ్ సాహిబ్ దారి ఏటా చలికాలంలో మంచు కింద పడిపోతుంది. యాత్రకు ముందు సైనికులు, సేవాదారులు ఘాంఘరియాలో మకాం వేసి, పారలతో మంచు తవ్వి దారి తీస్తారు. చలికాలం వస్తే అది మళ్లీ మూసుకుపోతుంది. మరి ఆ శ్రమ వృథాయేనా?

కాదు. నడిచేది ఎవరని తవ్వేవాళ్లు అడగరు; తవ్విందెవరో నడిచేవాళ్లకు తెలియదు. పేరు కోరితే అది బేరం, కోరకపోతే సేవ. కత్తులకు సానపట్టిన మన సిక్లిగర్ పెద్దల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు?

అమ్రోలి నుంచి హేమకుండ్ వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. మన వీధి బురద తీయడానికి పార చాలు. రేపు మళ్లీ బురద చేరుతుంది. రేపూ తీద్దాం.