గాలిమోటరు

తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో పెద్దమనుషులకు విమానం ఇప్పటికీ గాలిమోటరే. ఇక్కడ మోటరంటే బస్సు. "ఏడింటి మోటరు పోయిందా?" అంటే వరంగల్ పోయే బస్సు సంగతి అడుగుతున్నారని అర్థం. బాయి మీద నీళ్లు తోడేదీ మోటరే గానీ, ఏది ఏదో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. నేల మీద పోయేది మోటరైతే గాలిలో పోయేది గాలిమోటరు. ఆ మాటలో నోరెళ్లబెట్టడం లేదు, దండం పెట్టడమూ లేదు. మనుషుల్ని ఎక్కించుకుని పోయి, దిగవలసిన చోట దించుతుంది, ఇంకేముంది దాంట్లో అన్నట్టుంటుంది.

పట్నంలో ఈ మాట అంటే నవ్వేవాళ్లున్నారు. 1970లో యూరప్‌లో ఫ్రాన్సు, జర్మనీ కలిసి పెట్టుకున్న విమానాల సంస్థకు ఎయిర్‌బస్ అని పేరు పెట్టుకుంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆ విమానాలను మన దేశానికి తెచ్చినప్పుడు అది గొప్ప పేరే అయింది. గాలిమోటరన్నా అదే కదా! ఇంగ్లీషువాళ్లు ఓడల మీద తిరిగినవాళ్లు కనుక కెప్టెన్, క్రూ, పోర్టు అన్నీ ఓడరేవు నుంచే తెచ్చుకున్నారు. మనవాళ్లు ఎర్రబస్సెక్కి తిరిగారు, బస్సు పేరే ఇచ్చారు. కొత్తది ఎదురైతే ఎవరైనా తమకు తెలిసిన బండితోనే పోల్చుకుంటారు.

పుస్తకాల భాషకు మాత్రం బస్సు సరిపోలేదు. అది పైకి చూసింది. తొర్రూరుకు ఎంతో దూరం లేని బమ్మెరను పోతన ఊరని చెప్పుకుంటాం. ఆయన భాగవతం తిప్పితే విమానాలు కనపడుతూనే ఉంటాయి. కర్దముడు దేవహూతి కోసం ఒకటి సృష్టిస్తాడు. ధ్రువుణ్ణి తీసుకుపోవడానికి విష్ణుదూతలు ఒకటి తెస్తారు. సాళ్వుడు మయుడు కట్టిచ్చిన సౌభకమెక్కి ద్వారక మీద పడతాడు. టికెట్టు కొని ఎక్కినది ఒక్కటీ లేదు. గుళ్లో గర్భాలయం మీద ఉండేదీ విమానమే. తిరుమలలో ఆనందనిలయ విమానం దగ్గర నిలబడి మెడ ఎత్తి దండం పెట్టుకుంటాం. దేవుళ్లకూ మునులకూ వాడిన మాటను యంత్రానికి పెట్టేసరికి ఆ ఎత్తు కూడా దానితో పాటే వచ్చింది. "ఫలానావాళ్ల కొడుకు విమానంలో పోయిండు" అంటే ఊళ్లో ఆ ఇంటి గడప ఒక జానెడు లేచినట్టుండేది.

ఇప్పటి పిల్లలు విమానం అనరు, ఫ్లైట్ అంటారు. ఇది వస్తువు పేరు కాదు, వేళ పేరు. "ఫ్లైట్ ఎప్పుడు?" అంటే "తెల్లారుగట్ల మూడింటికి" అని జవాబు. ఫ్లైట్ లేటవుతుంది, క్యాన్సిలవుతుంది, మిస్సవుతుంది. ఏడింటి మోటరు లాంటిదే ఇది కూడా. అందుకే ఆ మాట మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఒకటి మాత్రం తోస్తుంది. 2008లో విమానాలు బేగంపేట నుంచి షంషాబాదుకు మారాయి. ఇప్పుడు చాలాసార్లు అద్దాల హాల్లోంచి ఒక గొట్టంలోకి, గొట్టంలోంచి సీటులోకి నడిచిపోవడమే. ఎక్కినవాడికి కిటికీలోంచి ఒక రెక్క ముక్క కనపడితే అదృష్టం. ముక్కు నుంచి తోక దాకా దాన్ని చూసేది పొలంలో నాటేసే మనిషి. నడుము లేపి, బురద అంటని మణికట్టు నుదుటికి అడ్డం పెట్టుకుని, అది మబ్బులో కలిసేదాకా చూసి మళ్లీ వంగుతుంది. ఇద్దరిలో ఎవరికి విమానం ఎక్కువ దక్కిందో చెప్పడం కష్టం.

పుష్పకం మాటేమిటి? ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానమది. మన దగ్గర ఆ పేరు సర్వీసు ఆటోకు దక్కింది. డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుని, వెనక కాళ్లు బయటపెట్టుకుని ఇద్దరు వేలాడుతుంటే "పుష్పకవిమానం పోతుంది సూడుర్రి" అంటారు. హైదరాబాదులో ఆర్టీసీ వాళ్లు ఎయిర్‌పోర్టుకు నడిపే బస్సుల పేరు కూడా పుష్పకే. విమానం బస్సు పేరు తీసుకుంటే బస్సు విమానం పేరు పెట్టుకుంది. లెక్క సరిపోయింది.

రామాయణంలో పుష్పకం గురించి నాకు నచ్చేది ఎగరడం కాదు. రావణుడు దాన్ని కుబేరుడి దగ్గర గుంజుకుని ఉంచుకున్నాడు. రాముడు లంక నుంచి వచ్చి, దిగి, నీ యజమాని దగ్గరికి పొమ్మని కుబేరుడికే పంపేశాడు. పని అయిపోయింది, బండి వెళ్లిపోయింది. మనం దిగినా దిగం. సూట్‌కేసు పిడికి ఎయిర్‌లైన్స్ వాళ్లు చుట్టిన తెల్లకాగితం, దాని మీద నల్లగీతలు, మూడక్షరాల ఊరి పేరు. ప్రయాణమై ఆరునెలలైనా దాన్ని చింపం. అదే పెట్టె చుట్టాల పెళ్లికి వస్తుంది, అందరికీ కనపడేట్టు గడప పక్కనే నిలబడుతుంది. కాగితం నలిగి చివర్లు లేచినా పిడిని వదలదు. పాపం, చిన్న సరదా అని నవ్వుకోవచ్చు. కానీ మోటరు దిగినవాడు టికెట్టును బస్టాండులోనే పారేసి ఇంటిదారి పడతాడు. గాలిమోటరు అన్న ముసలమ్మ మాటలో నాకు ఆ తేలికే కనపడుతుంది. ఎక్కడమూ దిగడమూ రెండూ ఆమెకు మామూలే, మధ్యలో ఎంత ఎత్తున పోయామన్నది ఆమె లెక్కలోకి రాదు.

ఎన్నికలప్పుడు హెలికాప్టరు దిగినా ఊళ్లో అది గాలిమోటరే. జనం చూడ్డానికే పోతారు, మీటింగు అయ్యాక "గాలిమోటర్ల వచ్చి గాలిమాటలు చెప్పి పోయిండు" అని తేల్చేస్తారు. ఆ గాలిలో ఉన్న ఎకసెక్కం విమానం అన్న మాటకు ఎన్నటికీ రాదు.

తొర్రూరు నుంచి వరంగల్ పోయే బస్సు వర్ధన్నపేట దాటి మామునూరు మీదుగానే పోతుంది. నిజాం కాలంలో వేసిన రన్‌వే అక్కడుంది. 1981 తర్వాత విమానాలు ఆగిపోయాయి. షంషాబాదుకు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం పెట్టకూడదన్న ఒప్పందం చాలా ఏళ్లు అడ్డం నిలిచింది. 2025లో మామునూరులో విమానాశ్రయానికి కేంద్రం ఒప్పుకుంది. అంతకుముందే, 2024లో, విస్తరణకు కావలసిన 253 ఎకరాల కోసం రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేసింది. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి రైతులకు అది గాలిమోటరూ కాదు, విమానమూ కాదు, ఫ్లైటు అసలే కాదు. ఎకరానికి ఎంతిస్తారు, భూమికి భూమి ఇస్తారా, బాయికీ బోరుకూ వేరే కడతారా? బస్సులో వాళ్ల మాటలన్నీ వీటి మీదే నడిచేవి.