తన బండి, తన ఇష్టం

ప్రమాదమని తెలిసి కూడా ఒక మనిషి 'సరే, కానీ' అని ఒప్పుకుంటే, ఆ పని చేసిపెట్టినవాడి బాధ్యత అక్కడితో తీరిపోతుందా? మా కంప్యూటర్ వృత్తిలో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాం. క్లయింటుకి లోపం చెబుతాం. ఈ ఏడాది బడ్జెట్లో లేదంటాడాయన. 'రిస్కు నాకు సమ్మతమే' అన్న కాయితం మీద సంతకం చేయించుకుని, ఫైల్లో పెట్టుకుని, ఇంటికెళ్ళి అన్నం తింటాం. ఆ కాయితం ఎంతవరకు చెల్లుతుందన్న అనుమానం నాకు మొదటిసారి కలిగింది ఒమన్‌లోని అల్ సువైక్‌లో, ఒక పికప్పు వెనక చక్రం ముందు.

సువైక్ మస్కట్ నుంచి సొహార్ వెళ్ళే దారిలో, బాతినా తీరంలో ఉంటుంది. ఖర్జూరం తోటలు, ఒక పాత కోట, చేపల పడవలు. 2021 సెప్టెంబరు 26న మన శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర గులాబ్ పేరుతో తీరం దాటిన తుఫాను దేశమంతా అడ్డంగా నడిచి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అన్న కొత్త పేరుతో అక్టోబరు 3న ఈ ప్రాంతాన్నే ముంచెత్తింది. మన ఊళ్ళనుంచి వీసా లేకుండా ఇక్కడికి రాగలిగింది అదొక్కటే అనుకుంటాను. తుఫాను లేని రోజుల్లో కూడా ఇక్కడి పికప్పులకి ఉప్పునీటి గండం తప్పదు. జాలర్లు పడవల్ని వాటికి కట్టి ఒడ్డుకి లాగుతారు. అలలు వెనక చక్రాల దాకా వస్తాయి.

ఆ బండి వెనక ఎడమ టైరు లోపలివైపు తడి చార కారుతోంది. మేస్త్రి అమలాపురం వైపు మనిషి, సనయ్యలో ఒక షెడ్డులో పనిచేస్తాడు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, జాకీ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వదిలి, డ్రమ్ముకున్న రెండు మర కన్నాల్లో బోల్టులు బిగిస్తూపోయాడు. తుప్పు పట్టిన డ్రమ్ము మూలుగుతూ ఊడివచ్చింది. కారేది బ్రేకు ఆయిలా, ఇరుసు సీలు పోయి వచ్చిన గేరాయిలా అన్నది మొదటి ప్రశ్న. గేరాయిలు చిక్కగా, గంధకం కంపు కొడుతుంది, నీళ్ళు పోస్తే కలవదు. బ్రేకు ఆయిలు నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది. వేలితో తీసి, నీళ్ళు చిలకరించి చూశాడు. కలిసిపోయింది. వీల్ సిలిండరు చివర రబ్బరు తొడుగు కొద్దిగా తప్పించగానే లోపలినుంచి బొటబొటా కారింది. సిలిండరు లోపలి గోడ ఉప్పుకి గుంటలు పడి ఉంది. కారిన ఆయిలంతా బ్రేకు షూల లైనింగు పీల్చేసుకుంది.

ఇక వైద్యం. రెండు పక్కలా సిలిండర్లు, రెండు చక్రాలకీ కొత్త షూలు, తర్వాత లైన్లో గాలి తీయడం. ఒక పక్కే కొత్తవి వేస్తే పట్టు సమంగా ఉండదు. ఆయిలు తాగిన షూలని పెట్రోలుతో కడిగి, నిప్పంటించి ఆరబెట్టేవాళ్ళున్నారు. పైకి పొడిగా కనిపిస్తాయి. నాలుగు బ్రేకులు పడి వేడెక్కగానే లోపలి ఆయిలు మళ్ళీ పైకొస్తుంది.

బండి యజమాని పెద్దవయసు జాలరి. పక్క సీట్లో పదేళ్ళ మనవడు. తెల్లవారకముందే చేపలు మార్కెట్‌కి చేరాలి. అరబ్బీ, హిందీ కలిపి ఆయన అడిగింది ఒక్కటే: ఆ చక్రానికి వెళ్ళే పైపులో గోళీ వేసి మూసెయ్, రేపటి సంగతి రేపు.

ఈ గోళీ వైద్యం మన దేశంలోనూ ఉన్నదే. బేరింగు గోళీ పైపు చివర పెట్టి నట్టు బిగిస్తే కారడం ఆగిపోతుంది, పెడలు రాయిలా గట్టిపడుతుంది. అసలు చిక్కంతా ఆ పెడల్లోనే ఉంది. జబ్బు అలాగే ఉంటుంది, జబ్బు కబురు చెప్పే నోరు మాత్రం మూతపడుతుంది. ఆగేటప్పుడు పనిలో ఎక్కువ పాలు ముందు చక్రాలదే కాబట్టి ఖాళీ బండిని సందులో తిప్పి చూస్తే తేడా తెలియదు. ఐసు పెట్టెలు నింపుకుని హైవే మీద గంటకి 120 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారిగా తొక్కినప్పుడు, వెనక ఒక్క చక్రమే పట్టినప్పుడు తెలుస్తుంది.

ప్లేటో తన 'రిపబ్లిక్'లో గైజీస్ ఉంగరం కథ చెప్పించాడు. ఆ ఉంగరం తిప్పితే మనిషి మాయమైపోతాడు, ఎవరికీ కనపడననుకున్నవాడు న్యాయంగా ఎందుకుండాలి అన్నది ప్రశ్న. మెకానిక్కుకి ఉంగరం అక్కర్లేదు, డ్రమ్ము చాలు. ఎక్కించి చక్రం బిగించాక లోపల ఏమున్నదో దేవుడికే తెలియాలి. కాకపోతే ఇక్కడ మోసమేమీ లేదు. యజమానికి అన్నీ తెలుసు, తెలిసే అడుగుతున్నాడు. కనక ఇది ప్లేటో అడిగినదానికంటే చిక్కు ప్రశ్న. తన బండి, తన ప్రాణం. వద్దనడానికి మేస్త్రి ఎవరు?

ప్రాణం తనదే, నిజమే. రోడ్డు తనది కాదు. ఎదురుగా వచ్చేవాడు సంతకం చెయ్యలేదు. పక్క సీట్లో మనవణ్ణీ ఎవరూ అడగలేదు. యజమాని ఒప్పుకోలు ఆయన వరకే చెల్లుతుంది, బ్రేకు మాత్రం ఆయన ఒక్కడి కోసం పట్టదు. మా ఫైళ్ళలోని కాయితాలు కూడా అంతే. ఆసుపత్రి సాఫ్ట్‌వేరులో లోపానికి అధికారి సంతకం పెడతాడు, మంచం మీద ఉన్నవాడు పెట్టడు. సంతకంతో నష్టపరిహారం ఎవరివ్వాలో తేలుతుంది. అంతకుమించి ఏదో తేలినట్టు మేం నటిస్తాం.

ఇంతవరకు చెప్పడం తేలికే, ఏసీ గదిలో బతికేవాణ్ణి కాబట్టి. మేస్త్రి కాదంటే బండి పక్క షెడ్డుకి పోతుంది, అర్బాబుకి కోపం వస్తుంది. 2021 జనవరికి ముందయితే అర్బాబు ఎన్వోసీ ఇవ్వందే ఈ దేశంలో మరో యజమాని దగ్గర చేరడం కుదిరేది కాదు. కాంట్రాక్టు ముగిశాక మారడానికి ఇప్పుడు ఆ అడ్డు తీసేశారు. ఊళ్ళో వీసా కోసం చేసిన అప్పుకి మాత్రం ఆ రూలు వర్తించదు. కాదనగలిగే స్తోమత లేనివాడికి కాదనడం ధర్మమని బోధించడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఆ భారం జీతమిచ్చేవాడిది. 'గోళీ వెయ్యనన్నందుకు నిన్నేమీ అనను' అని ఆయన ముందే చెప్పి ఉంచాలి. అలా చెప్పిన యజమానులు గల్ఫ్‌లోనూ, హైదరాబాదులోనూ, మా అమెరికా కంపెనీల్లోనూ నాకు తగిలింది తక్కువ.

మేస్త్రి గోళీ వెయ్యలేదు. ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆయిలు కారుతున్న షూని ముసలాయన అరచేతిలో పెట్టి, 'బాబా, నువ్వే చూడు' అన్నాడు. ఆయన చూసి, విసుక్కుని, ఎవరికో ఫోను చేశాడు. కాసేపటికి తమ్ముడనుకుంటాను, వేరే పికప్పులో వచ్చి మనవణ్ణీ ఖాళీ పెట్టెల్నీ ఎక్కించుకుపోయాడు. సామాన్లు మర్నాడు సొహార్ నుంచి వచ్చాయి. అంటే ఆ పూట గండం గడిచింది నీతి వల్లో వాదన వల్లో కాదు, రెండో బండి ఉండబట్టి.

టీ తాగుతూ మా కాయితాల సంగతి చెబితే, 'బాగుందండీ మీ పని' అని నవ్వాడు మేస్త్రి.

'అర్బాబే ఫోను చేసి వేసెయ్యమంటే ఏం చేసేవారు?' అనడిగాను.

గ్లాసు కింద పెట్టి కొంచెంసేపు ఆ డ్రమ్ము వైపు చూశాడు. 'వేసేవాణ్ణేమోనండి. వేసి, పెద్దాయన్ని నెమ్మదిగా పొమ్మని చెప్పేవాణ్ణి.'