గింజ బరువు

వేకువన మూడింటికి గోపాల్‌పూర్‌లో రెండుచోట్ల అలికిడి ఉంటుంది. ఒకటి, నోలియా జాలర్లు వేటకని బోట్లు నీళ్లలోకి తోసే ఒడ్డున. రెండోది, మా వంటింటి పక్క గదిలో. సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజిలో రెండు చుక్కల మందు పట్టుకుని, గింజ గూట్లోంచి ఎప్పుడు బయటికొస్తుందా అని నేను కాచుకుని ఉంటాను. గింజ మా హ్యామ్‌స్టర్. రెండేళ్ల నాలుగు నెలలది. ఈ జాతి ఆయుష్షే రెండు మూడేళ్లు కనుక, ఆ లెక్కన మా ఇంట్లో నాకంటే పెద్ద అదే.

మనవరాలు విశాఖలో చదువుకని వెళ్తూ నాకు అప్పగించి పోయింది. "దీనికి పెద్ద పనేం ఉండదు తాతయ్యా" అంది. అప్పటికి నిజమే. ఇప్పుడు ఎడమ కంట్లో శుక్లం వచ్చి పాలచుక్కలా తెల్లబడింది. పక్కలమీద బొచ్చు పలచబడి గులాబిరంగు చర్మం కనిపిస్తోంది. కొరికి అరగదీసే ఓపిక తగ్గింది గానీ ముందుపళ్లు పెరగడం మాత్రం మానలేదు. ఈ మధ్య నీళ్లు తెగ తాగుతోంది. మూత్రపిండాలు అలిసిపోయి ఉంటాయన్నాడు డాక్టరు.

ఆయన దగ్గరికి బరంపురం తీసుకెళ్లాను, చెప్పుల పెట్టెకు చిల్లులు పొడిచి, ఒళ్లో పెట్టుకుని, పదిహేను కిలోమీటర్లు. ఆవులకీ కుక్కలకీ అలవాటుపడ్డ చేతులు ఆయనవి. గింజని అరచేతిలోకి తీసుకుని కాసేపు మాట్లాడలేదు. నిమిషానికి మూడు నాలుగు వందలసార్లు కొట్టుకునే గుండె అది. వేళ్లకి దడలా కాదు, తుమ్మెద రొదలా తెలుస్తుంది. మనుషులకి మామూలుగా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు దీనికి విషమట. కడుపులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవుల్ని చంపేసి ప్రాణం మీదికి తెస్తాయట. "దీనికి మందివ్వడం కంటే ఏ మందివ్వకూడదో తెలియడం ముఖ్యం" అన్నాడు. త్రాసులో పెడితే 112 గ్రాములు తూగింది. ఆరునెలల కిందట 140. ఆ రోజునుంచి నా బీపీ రాసుకునే డైరీలోనే, ఎదురు పేజీలో, ఆదివారం ఆదివారం దాని బరువూ రాస్తున్నాను.

ఎదురింటావిడ ఓరోజు సిరంజి చూసి నోరు నొక్కుకుంది. "ఎలక్కి మందేటి బాబూ! మా వలలు కొరికేసినవాటికి మేం ఎట్టే మందు వేరు." ఆమెతో వాదించలేకపోయాను. ఒక్క రాత్రిలో వేల రూపాయల వల చిల్లులుపడ్డ ఇంటి మనిషికి ఎలక అంటే ఏమిటో నేను చెప్పాలా? ఆ మాటకొస్తే గింజ పూర్వీకులూ చేను తినే దొంగలే. 1930లో ఆహరోని అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియాలో అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లల్నీ పట్టుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా ఇళ్లలో పెరిగే బంగారురంగు హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ ఆ పిల్లల్లో బతికి బట్టకట్టిన కొన్నిటి సంతానమే. బోనుకీ గూటికీ తేడా జంతువులో లేదు. పేరు పెట్టామా లేదా అన్నదే తేడా.

ఇక్కడికి ఉత్తరాన రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఏటా మాఘ ఫాల్గుణాల్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మంచి ఏడాదైతే లక్షల్లో. ఒక్కో తల్లి నూరు గుడ్ల దాకా పెడుతుంది. గుడ్డు చిట్లి పిల్లలైనవాటిని కాకులు, కుక్కలు, పీతలు, చేపలు తినగా పెద్దయ్యేవి ఏ కొన్నో. ఆ ఇసుకలో నిలబడి చూసినప్పుడు ప్రకృతి పద్దులన్నీ లక్షల్లోనే రాస్తుందని తెలిసింది. ఒకటి అనే అంకె ఆ పుస్తకంలో ఉండదు. ఒకటి అని రాసేది మనమే. నా డైరీలో 112 అన్న అంకె ఎదురింటావిడకి పిచ్చిగా కనిపిస్తే తప్పులేదు. నిజానికి ప్రేమ పద్దంతా పిచ్చి లెక్కే.

కానీ అసలు చిక్కు అది కాదు. గింజకి ఒక చక్రం ఉంది. రాత్రంతా అందులో పరిగెత్తేది. కన్ను పోయాక దానిమీంచి రెండుసార్లు పడింది. దాని మంచికేనని చక్రం తీసి అటకమీద పెట్టాను. ఆ రాత్రి మూడింటికి చూస్తే, చక్రం ఉండే చోటికి వచ్చి ముందుకాళ్లు గాల్లోకి ఎత్తి తడుముకుంటోంది. దిగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఎత్తింది.

నా స్కూటరు తాళం చెవి కిందటేడు మావాడు తీసుకుపోయాడు. నా మంచికే. నా కంటి ఆపరేషను అయిన నెలకి. ఇప్పటికీ బయటికి వెళ్లేటప్పుడు తలుపు పక్క మేకు మీదికి నా చెయ్యి దానంతటదే పోతుంది.

పొద్దున్నే చక్రం దించాను. ఎత్తు తగ్గించి, నేలకి ఆనేట్టు కట్టి, చుట్టూ పాత పంచె ముక్క మెత్తగా పరిచాను. గింజ నాలుగు చుట్లు తిరుగుతుంది, ఆగుతుంది, ఎందుకొచ్చానా అన్నట్టు కూర్చుంటుంది. ఆ నాలుగూ దానివి. నీళ్లసీసా మూతి అంగుళం కిందికి జరిపాను. గింజలు నానబెట్టి మెత్తబరుస్తున్నాను. రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు తడిబట్ట చుట్టిన కుండపెంకు గూటిపక్కన పెడతాను. మనలా ఒంటినిండా చెమట పట్టి చల్లబడే ఏర్పాటు దానికి లేదు. వీటిలో ఏదీ దాని ఆయుష్షు పెంచదని నాకు తెలుసు. రోజు ఎత్తు పెరుగుతూపోతుంది ముసలివాళ్లకి. మెట్టు ఎత్తవుతుంది, గ్లాసు దూరమవుతుంది. అందనివాటిని తీసి అటకెక్కించడం సులువు. అందేంత కిందికి దించడానికే చూసే ఓపిక కావాలి.

అలాగని నేను ఎప్పుడూ సరిగ్గానే చేస్తున్నానని కాదు. మందు వేసేటప్పుడు తల తిప్పుకుంటుంది. వద్దంటోందా, చేదంటోందా? అడిగి తెలుసుకునే వీల్లేని ప్రాణం తరఫున నిర్ణయం తీసుకునేవాడికి ఆ ప్రశ్న తీరదు. తీరిపోయిందనుకున్ననాడు వాడు సేవ మానేసి పెత్తనం మొదలుపెట్టాడన్నమాట.

ఈ వేకువ బోట్ల ఇంజన్లు ఒక్కొక్కటే దూరమయ్యాయి. గింజ మందు మింగి, పొద్దుతిరుగుడు గింజ ఒకటి తీసుకుంది. కొరకలేదు. కుడిబుగ్గ సంచిలో పెట్టుకుని, గోడ వాసన చూసుకుంటూ, గుడ్డి కంటి వైపు ఒకసారి తూలి, మూలకి నడిచింది. అక్కడ గడ్డికింద దాని దాపు ఉంది: ఎండిన బఠాణీలు, నమలలేని గింజలు, రేపటి కోసం. ఆదివారం కదా అని గూడు శుభ్రం చెయ్యడానికి లేచాను. ఆ మూల వదిలేసి మిగతాది తుడిచాను.