నూరుమంది సాక్షులు

ఊడ్పుల రోజులు. కోడూరు దగ్గర పొద్దు వాలాక గట్టు దిగుతున్న కూలీని చీలమండ దగ్గర పాము కరిచింది. ఏ పామో ఎవరూ చూడలేదు.

"మంత్రం వేసే ఆయన దగ్గరికి పోదాం. నూరుమందిని బతికించాడు" అన్నారు జనం.

"ఆ నూరుమందినీ కరిచింది ఏ పాము బాబాయ్?" అంది భార్య.

"ఒకడికి నీరుకట్టు పాము. మిగతావి తెలీదమ్మాయ్."

"ఆయన దగ్గరికెళ్ళి పోయినవాళ్ళెందరు?"

ఎవరూ నోరు మెదపలేదు. చివరికి వెనకనుంచి ఒకామె అంది: "మా తమ్ముడు పోయాడు. ఆలస్యంగా తెచ్చారన్నారు."

భార్య మోపిదేవి సుబ్బారాయుడికి దణ్ణం పెట్టుకుని, మొగుణ్ణి ఆటోలో అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ కాస్త రక్తం తీసి గాజుగొట్టంలో పోసి కదపకుండా పెట్టింది. "20 నిమిషాలు చూద్దాం. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టు. గడ్డకట్టినా ఇంటికి పంపను. కట్లపాము కాటైతే రక్తం మామూలుగానే ఉంటుంది, కనురెప్పలు వాలిపోతాయి. నువ్వూ ఇక్కడే ఉండి చూడమ్మా."

గొట్టం వంచితే రక్తం నీళ్ళలా జారింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఎక్కించారు. 6 గంటలు గడిచాక మళ్ళీ రక్తం తీస్తే గడ్డకట్టింది.

నీతి: మంత్రం వేసే ఆయన అబద్ధమాడి ఉండకపోవచ్చు. మనల్ని కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషమున్నది కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. అలా బతికినవాళ్ళంతా మంత్రం ఖాతాలో పడతారు. పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు. కామెర్లకు పసరు పోసేవాళ్ళకు పేరొచ్చిందీ ఇలాగే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చినవి పసరుకు లొంగవు, ఆ రోగి ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఇక దేవుడికి మొక్కడం అంటారా, 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి హోమం చేశారు. భక్తికీ విరుగుడు మందుకీ తగవేమీ లేదు, మందు ఆలస్యం కానంతవరకు.

ఆ ఇల్లాలు అడిగింది పోయినవాళ్ళ లెక్క. డాక్టరమ్మ చెప్పింది, ఏం కనిపిస్తే ఏం చేస్తానో, ముందుగానే. షుగర్ బిళ్ళలు మానేసి కషాయం తాగమని గుడివాడలో మీ ఫోనుకు సందేశం వచ్చినా, బందరులో పెద్ద డాక్టరు ఆపరేషన్ అన్నా, ఈ రెండూ అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, మందుల చీటీ మీదే ఆ జవాబు కూడా రాయించుకోండి.